కళింగ తీరపు పొరలు – 9 : కప్పు పోయింది, పునాది మిగిలింది

శాలిహుండం కొండ మీద ఒక్క కప్పు కూడా మిగల్లేదు. శ్రీకాకుళానికి 18 కిలోమీటర్లు, కళింగపట్నానికి పడమరగా 5 కిలోమీటర్లు, వంశధార దక్షిణపు ఒడ్డు. కొండెక్కితే కనిపించేవి స్తూపాల దిమ్మలు, మెట్లు, గోడల అడుగు భాగాలు, పెద్ద పెద్ద ఇటుకల వరసలు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం పన్నెండో శతాబ్దం దాకా మనుషులు మసలిన చోటు ఇది. ఆ పద్నాలుగు వందల ఏళ్ళలో ఇక్కడ ఎన్ని వానాకాలాలు గడిచాయో, ఎన్నిసార్లు కప్పులు ఎగిరిపోయి మళ్ళీ వేసుకున్నారో ఊహించుకోవలసిందే. ఆ కప్పుల్లో ఒక్కటీ మనదాకా రాలేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఈ దిబ్బల సంగతి లోకానికి తెలియజేయడం, వెంటనే పురావస్తుశాఖ తరఫున లాంగ్‌హర్స్ట్ వచ్చి తవ్వించడం, 1943–46లో టి.ఎన్. రామచంద్రన్, 1953–54లో ఆర్. సుబ్రహ్మణ్యం పని కొనసాగించడం పాఠకులకు తెలిసిన కథే. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, ముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్న మనిషి కంటికి ఈ కొండ ఊరికే కొండలా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ విడతలో ఆ కథ కాదు. తవ్వకం అయిపోయాక మిగిలే ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. నేలలో రాళ్ళ వరస ఒకటి బయటపడింది. దాని మీద ఏముండేది? గుడా, గదా, వంటిల్లా, ప్రహరీయా? ఎంత ఎత్తు? కప్పు తాటాకా, పెంకా, ఇటుకా? పునాదిని చూసి ఇదంతా చెప్పే పండితుణ్ణి ఎంతవరకు నమ్మవచ్చు?

నా లెక్కలో, పునాది ఒక్క విషయంలోనే అబద్ధమాడదు. గోడ ఎక్కడ నడిచిందో చెబుతుంది. మిగతాదంతా పునాదిని ఆనుకున్న మట్టి చెప్పాలి, దాని మీద పడ్డ శకలాలు చెప్పాలి, అలాంటి ఇల్లు ఇప్పటికీ కడుతున్న చేతులు చెప్పాలి. మన ఉత్తర కోస్తాలో ఈ మూడో సాక్షి మొన్నమొన్నటిదాకా ఊరూరా ఉండేది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు శాలిహుండం కొండ మీది గుండ్రటి కట్టడం. నేల మీద గోడ గుండ్రంగా తిరిగితే అది ఏదైనా కావచ్చు. లోపలంతా మట్టి, ఇటుక కూరి గట్టిగా నింపిన స్తూపం కావచ్చు. లోపల ఖాళీగా ఉండి మధ్యలో చిన్న స్తూపం నిలబెట్టిన చైత్యగృహం కావచ్చు. పైనుంచి చూస్తే రెండూ వలయాలే. తేడా తెలిసేది వలయం లోపలి మట్టిని పొరలుగా కోసినప్పుడు. స్తూపమైతే లోపల నేల అనేదే ఉండదు. కూరిన మట్టి, ఇటుక ముక్కలు, అక్కడక్కడ అడ్డగోడలు, అంతే. చైత్యగృహమైతే ఒక స్థాయిలో తొక్కి తొక్కి గట్టిపడిన నేల తగులుతుంది, గోడ లోపలి వైపు గచ్చుపూత అంటుకుని ఉంటుంది, ఒకచోట గడప రాయి, దాని ముందు మెట్టు కనిపిస్తాయి. శాలిహుండంలో గుండ్రటి చైత్యగృహమూ ఉంది, నింపు స్తూపాలూ ఉన్నాయి, వెనుకవైపు ఏనుగు వీపులా వంపు తిరిగిన గజపృష్ఠ చైత్యాలూ ఉన్నాయి. ఒకే కొండ మీద మూడు రకాలూ పక్కపక్కన ఉండటం చదువుకునేవాడికి అదృష్టం.

స్తూపం లోపలి అడ్డగోడల గురించి ఒక మాట, ఎందుకంటే అవి చాలామందిని తికమక పెడతాయి. కృష్ణా తీరంలో ఘంటసాల, నాగార్జునకొండ స్తూపాల కింది భాగం బయటపడ్డప్పుడు బండి చక్రంలా కనిపించింది: నడుమ కుంభం, చుట్టూ ఆకులు, బయట వలయం. శాలిహుండంలోనూ అలా చక్రంలా కట్టిన ఇటుక స్తూపం ఉంది. కొత్తగా చూసినవారు చిన్న చిన్న గదులనుకుంటారు. తలుపుల్లేవు, లోపలి ముఖాలకు పూత లేదు, నేల లేదు. అవి గదులు కావు. అంత పెద్ద గుమ్మటాన్ని మొత్తం ఇటుకతో నింపాలంటే బట్టీలు చాలవు. అందుకని ఆకుల్లాంటి గోడలు కట్టి మధ్య ఖాళీల్లో మట్టి కూరారు. లాంగ్‌హర్స్ట్ కొలిచిన నాగార్జునకొండ మహాచైత్యం అడ్డకొలత 106 అడుగులు, అక్కడి ఇటుక ఒక్కోటి 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. ఈ కొలతలు చూస్తే ఆనాటి మేస్త్రికి ఖర్చు లెక్క ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. ధర్మచక్రానికి గుర్తుగా అలా కట్టారని చెప్పేవారున్నారు. కావచ్చు. కానీ గుర్తు సంగతి ఎలా ఉన్నా, మట్టి ఉబ్బి గోడ పగలకుండా ఆపింది ఆ ఆకులే.

ఇక కప్పు. గుండ్రటి గోడ మీద ఏ కప్పు వేస్తారు? శాలిహుండంలో గోడ పైభాగం లేదు కాబట్టి మరోచోటికి వెళ్ళాలి. రాజస్థాన్‌లోని బైరాట్‌లో 1935–36లో దయారాం సాహ్ని ఒక గుండ్రటి బౌద్ధాలయం అడుగు భాగం తవ్వారు. గోడంతా ఇటుక కాదు. ఇటుక కట్టు కొంత, తర్వాత ఎనిమిది పలకల కొయ్యస్తంభం, మళ్ళీ ఇటుక, మళ్ళీ కొయ్య. అలా 26 కొయ్యస్తంభాలు. కొయ్య చాలావరకు పోయినా దాని చోటు ఇటుకల మధ్య ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీలను ఖాళీలుగా గుర్తించగలగడమే ఇక్కడి నేర్పు. తొందరపడితే ఇటుకలు ఊడిపోయాయనుకుని పూడ్చేసేవారే. కప్పు భారం ఎవరు మోశారో ఆ ఖాళీలు చెప్పాయి: కొయ్య మోసింది, ఇటుక మధ్యలో తెరలా నిలబడింది.

కప్పు రూపం కోసం ఇంకా వెనక్కి పోవచ్చు. బీహార్ బరాబర్ కొండల్లో అశోకుడు తన పాలన పన్నెండో ఏట ఆజీవకులకిచ్చిన సుదామ గుహ ఉంది. లోపల గుండ్రటి గది, దాని ముఖాన చూరు వంగినట్టు రాతిలో చెక్కారు. గడ్డి ఇంటి చూరును గ్రానైట్‌లో చెక్కడం ఎంత పనో ఊహించండి. మన వైపు కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలోనూ కొండను తొలిచి గుండ్రటి చైత్యం చేశారు. దాని లోకప్పు చూస్తే వంపు తిరిగిన కొయ్య వాసాలు శిఖరం దగ్గర కలిసినట్టు రాతిలోనే చూపించారు. రాతికి వాసాలతో పనిలేదు. ఆ శిల్పి చిన్నప్పటి నుంచి చూసిన గుండ్రటి ఇంటికి వాసాలున్నాయి, అందుకే చెక్కాడు.

ఆ గుండ్రటి ఇల్లే మన మూడో సాక్షి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్టిల్లు చూడనివారు ఒక తరం కింద ఎవరూ ఉండేవారు కాదు. గుండ్రటి మట్టిగోడ, పైన తాటి దూలం, వాసాలు, తాటాకు కప్పు, శంఖువులా కిందికి జారి దాదాపు నేలను తాకే చూరు. లోపలికి పోవాలంటే వంగాలి. చూరు అంత కిందికి ఎందుకో తుఫాను చూసినవారికి చెప్పనక్కర్లేదు. చదరపు ఇంటికి గాలి మూలలో దూరి కప్పు కిందికి చొరబడి పైకి లేపుతుంది. గుండ్రటి ఇంటికి మూల లేదు, చూరు కింద గాలి దూరే సందు తక్కువ. పైగా మట్టిగోడకు వాన తగలదు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోట మట్టిగోడ బతకాలంటే చూరు గొడుగై నిలబడాలి.

ఇప్పుడు ఆ ఇంటిని ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారనుకుందాం. మొదట పోయేవి దూలమూ తలుపూ. అవి పాడయ్యేదాకా ఎవరూ ఆగరు, విప్పి వేరే ఇంటికి వాడుకుంటారు. తర్వాత తాటాకు చివికిపోతుంది. చూరు పోయిన మరుసటి వర్షాకాలం నుంచి గోడ కరుగుతుంది. కొన్నేళ్ళకు గుండ్రటి మట్టిగట్టు ఒకటి, నడుమ మాడిన మన్ను ఉన్న పొయ్యిచోటు, పగిలిన కుండపెంకులు, గోడ కింద చెమ్మ రాకుండా రాళ్ళు పేర్చి ఉంటే ఆ రాళ్ళ వలయం, ఇవే మిగులుతాయి. వంద సంవత్సరాల తర్వాత తవ్వేవాడికి దొరికేది ఆ వలయం ఒక్కటే. దాన్ని చూసి ‘ఇది రాతి ఇల్లు’ అంటే ఎంత పొరపాటో మనకు తెలుసు. రాయి ఉన్నది చెమ్మను ఆపడానికి మాత్రమే. ఇల్లు మట్టిది.

ప్రాచీన రోమన్ ఇళ్ళ తవ్వకాల్లోనూ ఇదే తగాదా. పాంపేయి నగరాన్ని క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కప్పేసింది కాబట్టి గోడలు నిలబడి దొరికాయి, వాటి మీద బొమ్మలూ దొరికాయి. కానీ రోమన్లు ఏలిన బ్రిటన్‌లో అంత అదృష్టం లేదు. పొలాల కింద దొరికేవి రెండు మూడు వరసల చెకుముకిరాళ్ళ పునాదులు. దాని మీద రాతిగోడ కప్పుదాకా లేచిందా, లేక మోకాలి ఎత్తు రాతికట్టు మీద కొయ్య చట్రం నిలబెట్టి మట్టి పూశారా? పునాది వెడల్పు కొలిచి వాదించుకుంటారు: వెడల్పు ఎక్కువైతే రెండంతస్తులని ఒకరు, నేల మెత్తన కాబట్టి వెడల్పుగా వేశారని మరొకరు. హాంప్‌షైర్‌లోని మియన్‌స్టోక్‌లో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. నాలుగో శతాబ్దపు కట్టడం ఒకదాని ముఖగోడ నిలువునా ఒక్కసారిగా నేలమీదికి ఒరిగిపోయి అలాగే ఉండిపోయింది. తవ్వినవారు పడుకుని ఉన్న గోడను కొలిచి నిలబడ్డ ఎత్తు చెప్పారు, కిటికీ తోరణాలతో సహా. ఆ గోడ ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పడిన గోడ నిలిచిన పునాది కన్నా ఎక్కువ చెప్పింది. అందుకే ఇటుక కుప్పను ‘చెత్త’ అని తట్టల్లో ఎత్తి పారబోసే తవ్వకం నాకు దొంగతనంతో సమానంగా కనిపిస్తుంది.

మన దగ్గర ఆ పారబోత చాలా జరిగింది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం రామతీర్థంలో గురుభక్తులకొండను 1910–11లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. అంతకు కొన్నేళ్ళ ముందు అనకాపల్లి దగ్గర శంకరం కొండలను తవ్వినది కూడా ఆయనే. శ్రమజీవి, కొలతలు జాగ్రత్తగా వేసేవాడు. కానీ ఆ రోజుల పద్ధతి ఒక్కటే: గోడ అంచు తగిలిందంటే దాన్ని పట్టుకుని పక్కనే కాలువలా తవ్వుకుంటూ పోవడం. త్వరగా పటం తయారవుతుంది. గోడకీ పక్కనున్న మట్టిపొరలకీ మధ్య బంధం మాత్రం ఆ కాలువతోనే తెగిపోతుంది. పటంలో గోడ ఉంటుంది, కాలం ఉండదు.

బంధం ఎందుకంటే, గోడ కట్టడానికి ముందు నేలను తవ్వి గాడి తీస్తారు. రాళ్ళు పేర్చి మిగిలిన సందును అదే మట్టితో పూడుస్తారు. ఆ పూడ్చిన మట్టిలో కుండపెంకో నాణెమో పడిందంటే గోడ దానికి ముందుది కాదు. ఉదాహరణకు, రోమన్ చక్రవర్తి తిబేరియస్ క్రీ.శ. 14 నుంచి 37 దాకా ఏలాడు. ఆయన ముద్ర ఉన్న వెండి నాణెం గాడిలో దొరికితే గోడ 14వ సంవత్సరానికి ముందుది కాదని ఢంకా బజాయించి చెప్పవచ్చు. ఎంత తర్వాతది అన్నది చెప్పలేం, నాణెం నూరేళ్ళు చేతులు మారి ఉండవచ్చు. అదే నాణెం గోడ పక్కన, గోడకు ఆనిన నేల మీద దొరికితే లెక్క వేరు: అప్పటికే గోడ ఉంది. రే తవ్వించిన కాలువలో ఇలాంటి తేడా చెరిగిపోయింది. గురుభక్తులకొండ కట్టడాల వయసు గురించి మనం ఇంకా పెంకుల మీద, ఇటుక సైజుల మీద, లిపి మీద ఆధారపడి వాదించుకుంటున్నామంటే కారణం ఇదే.

ఆ కొండ కట్టడాల పొందిక మాత్రం చూసి తీరాలి. కొండ ఉత్తరపు వైపు సన్నటి రాతిపట్టె ఉంది. దాని మీదే స్తూపం, గజపృష్ఠ చైత్యాలు, గదుల వరసలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి బారులు తీరాయి. నాలుగు వైపులా గదులు, నడుమ వాకిలి అనే మామూలు విహారం పొందిక ఇక్కడ కుదరదు. కొండ ఒప్పుకోదు. ఇలాంటి చోట తవ్వేవాడు మొదట గుర్తించవలసింది ఏ గోడ ఇంటిదీ, ఏ గోడ కొండను ఆపడానికి కట్టిందీ అని. పట్టె అంచున చెక్కిన రాళ్ళతో కట్టిన మందపాటి గోడ చూసి రెండంతస్తుల మేడ అనుకోవడం తేలిక. అది రివిట్‌మెంట్ గోడ కావచ్చు. మన కాలువ గట్లకు కడతారే, అదే పని. గుర్తుపట్టడానికి మేస్త్రిని అడిగితే చాలు: ఒక్క ముఖమే నున్నగా ఉండి రెండో ముఖం గరుకుగా మట్టిలో కూరుకుని ఉంటే అది ఆపుగోడ. రెండు ముఖాలూ చక్కగా ఉంటే ఇంటిగోడ. మందం బట్టి కాదు, ముఖం బట్టి చెప్పాలి.

గజపృష్ఠ చైత్యం పైభాగం ఎలా ఉండేదో మనకు ఊహించే బాధ లేదు. పల్నాటి చేజర్లలో కపోతేశ్వరాలయం ఉంది. ఒకప్పటి గజపృష్ఠ ఇటుక కట్టడం, పీపాలా వంగిన ఇటుక కప్పుతో సహా నిలిచింది. మహారాష్ట్రలోని తేర్‌లో మరొకటి. ఇవి రెండూ శివాలయంగా, త్రివిక్రమాలయంగా పూజలందుకుంటూ వచ్చాయి కాబట్టే బతికాయి. దీపం పెట్టే ఇంటి కప్పు కూలనివ్వరు. అయితే చేజర్ల చూసి గురుభక్తులకొండ మీది ప్రతి గజపృష్ఠ పునాది మీదా ఇటుక కప్పు నిలబెట్టేయకూడదు. ఇటుక కప్పు బరువు మోయాలంటే గోడ మందంగా ఉండాలి, పడ్డప్పుడు గోడ లోపల గుట్టగా ఇటుక దొరకాలి. పలుచటి గోడ, లోపల పెంకు ముక్కలు, కొన్ని ఇనుప మేకులు దొరికితే అది కొయ్య చట్రం మీద పెంకులు పరచిన కప్పు. పెంకులూ లేక బూడిద, బొగ్గు మాత్రమే ఉంటే గడ్డో తాటాకో అయి ఉండాలి. పడింది చూసి పైన ఉన్నది చెప్పాలి, వేరే దారి లేదు.

గదుల వరసల దగ్గర మరో చిక్కు, తలుపులు. విహారంలో ఒక్కో గదికి ఒక్కో తలుపు ఉండాలి. కొన్ని పటాలు చూడండి, నాలుగు గోడలు మూసుకుని ఉంటాయి, లోపలికి దారే ఉండదు. భిక్షువు కప్పు మీద నుంచి దిగాడా? కాదు. పునాది తలుపు కింద నుంచి కూడా పోతుంది. ఎవరు కట్టినా అంతే, ఇవాళ మీ వీధిలో కడుతున్న ఇంటి పునాది చూడండి, గుమ్మం దగ్గర తెగదు. గడప స్థాయి దాకా గోడ మిగిలితేనే తలుపు చోటు తెలుస్తుంది. అంతకన్నా కిందికి ఇటుకలు ఎత్తుకుపోతే తలుపు కూడా వాటితో పోయినట్టే. కాబట్టి ‘తలుపు లేని గది’ అని పటం మీద రాసి, దానికి ధాన్యపు కొట్టు అనో ధ్యానమందిరం అనో పేరు పెట్టే ముందు, మిగిలిన రాయి గడపకు పైదా కిందిదా అని అడగాలి.

ఇటుకలు ఎత్తుకుపోవడం అన్నాను. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డు పనికీ, పాలరాళ్ళు కాలువ పనికీ వెళ్ళిపోయాయి. అమరావతి స్తూపానికీ అదే గతి పట్టింది. కొండల మీది మన స్థలాలకు రోడ్డు లేకపోవడం కొంత మేలు చేసింది, కొంతే. మొత్తం ఇటుకలు ఎత్తుకుపోయినా గోడ జాడ చెరగదని నేర్పినవాడు మోర్టిమర్ వీలర్. 1930లలో ఇంగ్లండులో రోమన్ నగరం వెరులేమియం తవ్వి, 1944లో మన పురావస్తుశాఖ అధిపతిగా వచ్చి, 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మనవాళ్ళకు పాఠం చెప్పాడు. అక్కడి గోడల ఇటుకలను తర్వాతికాలంవారు తవ్వుకుపోయారు. వాళ్ళు తవ్విన గాడి తర్వాత వదులు మట్టితో పూడింది. చుట్టూ ఉన్న పాత నేల గట్టిది, గాడిలోని మట్టి వదులుది, రంగు వేరు. నిలువుగా కోసిన మట్టి ముఖం మీద ఆ రంగుమార్పు గోడ ఆకారంలోనే కనిపిస్తుంది. గోడ లేదు, గోడ చోటు ఉంది. చదరాలు గీసి, చదరానికీ చదరానికీ మధ్య మట్టి గట్టు వదిలి తవ్వమన్నది ఆ ముఖం చూడటానికే.

అదే వీలర్ అరికమేడులో ఒక పొడవాటి కట్టడం పునాది చూసి ‘గిడ్డంగి’ అన్నాడు. 150 అడుగుల పొడవు, నదీ తీరం, ఇటలీ నుంచి వచ్చిన ఎర్రటి అరెటైన్ పాత్రల ముక్కలు. రోమన్ల రేవు అన్న కథ అల్లుకుంది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1989–92లో విమలా బేగ్లీ బృందం మళ్ళీ తవ్వి, రోమన్ సరుకు రాక మునుపే అక్కడ ఊరుందని చూపించింది. చక్రాల గీతలున్న రౌలెటెడ్ పాత్రలు రోమ్ సరుకు కాదు, ఇక్కడి బంకమన్నుతో ఇక్కడే చేసినవని ఆమె అంతకు ముందే వాదించారు. శాలిహుండంలోనూ కళింగపట్నంలోనూ ఈ పాత్రల ముక్కలు దొరికాయి. ఒకప్పుడైతే ‘రోమన్ వర్తకుల ఇల్లు’ అని రాసేసేవారు. ఇప్పుడు అలా రాస్తే నవ్వుతారు. రోమన్ రచయిత ప్లినీ రాసిన కళింగుల ప్రస్తావన, తీరం వెంట రోమ్ దాకా సాగిన వ్యాపారం నిజమే. భీమిలి దారిలోని తొట్లకొండలో రోమన్ వెండి నాణేలు దొరికిందీ నిజమే. నాణెం వచ్చినంత మాత్రాన ఇల్లు కట్టినవాడు రోమన్ కాడు.

రామతీర్థం దగ్గర ఇంకో చిక్కుముడి ఉంది. పక్కనున్న కొండ మీద జైన అవశేషాలున్నాయి. తూర్పు చాళుక్య విమలాదిత్యుడి (1011–1018) కాలపు శాసనం ఒకటి, ఆయన గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవ ముని రామకొండకు మొక్కినట్టు చెబుతుంది. అంటే బౌద్ధులు వెళ్ళాక కూడా ఈ కొండలు ఖాళీగా లేవు. శాలిహుండంలోనూ తొలి స్తూపాలకు ఎన్నో వందల ఏళ్ళ తర్వాతి బౌద్ధ దేవతలు మారీచి, తారల విగ్రహాలు దొరికాయి. ఒక పునాది మీద ఇంకొకరు కట్టుకోవడం, పాత గోడకు కొత్త గోడ ఆనించడం మామూలు. దీన్ని పట్టుకోవడానికి మూల చూడాలి. రెండు గోడలు కలిసే చోట రాళ్ళు ఒకదానిలో ఒకటి దూరి పెనవేసుకుంటే రెండూ ఒకేసారి కట్టినవి. కొత్త గోడ పాతదానికి ఊరికే ఆని, మధ్యన నిట్టనిలువు చీలిక కనిపిస్తే ఆనిన గోడ తర్వాతిది. ఏ పరికరమూ అక్కర్లేదు, వంగి చూడాలంతే. పూర్తి ఇటుకల గోడకు విరిగిన ఇటుక ముక్కల గోడ ఆని ఉంటే ఇంకా స్పష్టం, పాత కట్టడాన్ని విప్పి కొత్తది కట్టారు.

ఇన్ని సాక్ష్యాలు పోగుచేసినా చివరకు ఒకరు సాహసించి ‘పైన ఇలా ఉండేది’ అని కట్టి చూపించాలనుకుంటారు. సందర్శకులకు మోకాలి ఎత్తు గోడలు నచ్చవు. తొట్లకొండలో 1988–93 మధ్య తవ్విన మహాస్తూపాన్ని తర్వాతి కాలంలో ఇటుకలతో పైకి లేపి కట్టారు. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత కూలింది. తప్పు ఎవరిదన్న చర్చ పత్రికల్లో జరిగింది, దానిలోకి పోను. మట్టి నింపిన కట్టడంలోకి నీళ్ళు దిగితే లోపలి మన్ను ఉబ్బి బయటి ఇటుక కట్టును నెడుతుంది. పాతకాలపు మేస్త్రులు స్తూపం పైన గట్టి గచ్చు ఎందుకు పూసేవారో, లోపల చక్రపు ఆకులు ఎందుకు పెట్టేవారో ఆ వాన విడమరిచి చెప్పింది. పునాది కొలతలను పట్టి కొత్త గోడ లేపవచ్చు. ఆ గోడను వందల ఏళ్ళు నిలబెట్టిన పూత ఏ సున్నంతో చేశారో, ఏడాదికోసారి ఎవరు మరమ్మతు చేశారో కొలతల్లో ఉండదు. విహారానికి భూములు, కానుకలు ఇచ్చినవారి డబ్బులో కొంత ఆ ఏటేటి పూతకే పోయి ఉండాలి.

ఇంతవరకూ రాయి, ఇటుక. వచ్చే విడతలో రాయి అసలే లేని చోటికి వెళ్దాం: సరుబుజ్జిలి మండలం దంతవక్త్రునికోట. అక్కడ గోడంటే మట్టిగట్టే, దాని బయట కందకం. మట్టిగట్టు ఎన్నిసార్లు ఎత్తు పెంచారో చెప్పడానికి ఇటుక సైజులు, మూల అతుకులు పనికిరావు. వేరే కొలబద్ద కావాలి.